ఆ పావుగంటకు మనం సిద్ధమా?

ప్రొద్దుటూరులో బట్టల అంగడి గుమాస్తా కొడుకు, జమ్మలమడుగులో పరుపులు కుట్టే ఇంటి బిడ్డ, పులివెందుల చీనీకాయల మండీలో మూటలు మోసే తండ్రి కూతురు. ఇటువంటి ఇళ్లనుండి ఈనాడు పీహెచ్‌డీ పట్టాలు పుచ్చుకున్నవారు వస్తున్నారు. ఒక తరం క్రితం ఇది మన ఊహకు కూడా అందని విషయం. 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం, పులివెందులలో జేఎన్‌టీయూ ఇంజనీరింగు కళాశాల, 2016లో కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ ఉర్దూ విశ్వవిద్యాలయం ఏర్పడిన తర్వాత ఉన్నత విద్య మన గుమ్మం దగ్గరకు వచ్చింది. పట్టా అందిన రోజున వీధంతా మిఠాయిలు పంచుతున్నాం. మసీదు ముంగిట నలుగురూ ఆలింగనం చేసుకొని ముబారక్ చెబుతున్నారు. ఆ మరుసటి సంవత్సరం ఆ బిడ్డ ఏం చేస్తున్నాడని మాత్రం ఎవరమూ అడగడం లేదు.

అడిగితే తెలిసే సంగతి సంతోషకరమైనది కాదు. వారిలో చాలామంది ప్రైవేటు కళాశాలల్లో పీరియడ్ల లెక్కన పాఠాలు చెబుతున్నారు. కొందరు చదువుకు సంబంధం లేని పనుల్లో కుదురుకున్నారు. సహాయ ఆచార్యుల ఉద్యోగాలకు దరఖాస్తు చేయలేదా అంటే చేశామంటారు. ఇంటర్వ్యూ దాకా వెళ్లామంటారు. ఆపైన ఏమైందంటే తల దించుకుంటారు. పక్కనున్న పెద్దలు అందుకొని, "మనోళ్లకు యాడిస్తారప్పా!" అని ఒక్క మాటతో ఆ సంభాషణ ముగిస్తారు.

ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ మాట వెనుక మన నిర్లక్ష్యం కూడా దాగి ఉంది. ఈ రెండింటినీ విడదీసి చూడవలసిన సమయం వచ్చిందని మేము భావిస్తున్నాం.

వివక్ష కల్పన కాదు

ముందుగా నిజం సంగతి. 2007లో ఆచార్య సుఖదేవ్ థోరట్, పాల్ అటెవెల్ అనే ఇద్దరు పండితులు ఒక పరిశోధన ప్రచురించారు. ఆంగ్ల పత్రికల్లో వెలువడిన ప్రైవేటు కంపెనీల ఉద్యోగ ప్రకటనలకు సమానమైన అర్హతలు గల దరఖాస్తులను వేర్వేరు పేర్లతో పంపారు. 548 ప్రకటనలకు 4,808 దరఖాస్తులు వెళ్లాయి. అగ్రవర్ణ హిందువు పేరున్న అభ్యర్థితో పోల్చినప్పుడు, ముస్లిం పేరున్న అభ్యర్థికి పిలుపు వచ్చే అవకాశం సుమారు మూడో వంతుగా తేలింది. దళితుని పేరున్నవారికి అది మూడింట రెండు వంతులు. అప్పుడు థోరట్ గారు సాక్షాత్తూ విశ్వవిద్యాలయ నిధుల సంఘం, అంటే యూజీసీ, అధ్యక్షులుగా ఉన్నారు. 2022లో లెడ్ బై ఫౌండేషన్ అనే సంస్థ ఒకే అర్హతలతో ఒక హిందూ స్త్రీ పేరుతో, ఒక ముస్లిం స్త్రీ పేరుతో వెయ్యి ఉద్యోగాలకు దరఖాస్తులు పంపింది. మొదటి పేరుకు 208 అనుకూల జవాబులు రాగా రెండవ పేరుకు 103 వచ్చాయి.

ఈ పరిశోధనలు విశ్వవిద్యాలయాలపై చేసినవి కావు, కంపెనీలపై చేసినవి. కాని మన దేశంలో ఉన్నత విద్యాసంస్థల అధ్యాపకులలో ముస్లింల వాటా ఆరు శాతానికి లోపే ఉన్నదని కేంద్ర ప్రభుత్వపు ఉన్నత విద్యా సర్వేలే చెబుతున్నాయి. 2011 జనాభా లెక్కల ప్రకారం మనం 14.2 శాతం. విద్యార్థులలోనే మన వాటా తక్కువగా ఉన్నదన్నది ఇందుకు ఒక కారణం. 2006లో సచార్ కమిటీ ఆ దైన్యాన్ని దేశం ముందు పెట్టింది. దాని ఫలితంగా 2009లో ప్రారంభమైన మౌలానా ఆజాద్ నేషనల్ ఫెలోషిప్ మన పరిశోధకులకు ఊతకర్ర అయింది. 2022 డిసెంబరులో దానిని ఆపివేస్తున్నట్లు కేంద్రం పార్లమెంటులో ప్రకటించింది. కాబట్టి దారి ఇరుకుగా ఉన్నదని, మరింత ఇరుకవుతున్నదని అనడంలో అతిశయోక్తి లేదు.

ఆ ఇరుకు దారిలో కూడా కొందరు గమ్యం చేరుతున్నారు. చేరినవారికీ చేరనివారికీ నడుమ తేడా ప్రతిసారీ ప్రతిభలో లేదు. చాలాసార్లు ఆ ప్రతిభను ఎదుటివారికి కనబడేలా ఉంచడంలో ఉంది. ఇది నేర్చుకోదగిన విద్య. దీనిని మన బిడ్డలకు ఎవరూ నేర్పలేదు. నేర్పవలసిన బాధ్యత మనదని మనమూ గుర్తించలేదు.

అంతా ఇంటర్వ్యూలోనే

నిబంధనలు ఏమంటున్నాయో చూద్దాం. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం విశ్వవిద్యాలయాలలో సహాయ ఆచార్య పదవికి ఇంటర్వ్యూకు ఎవరిని పిలవాలో నిర్ణయించడానికి నూరు మార్కుల పట్టిక ఒకటి ఉంది. డిగ్రీకి గరిష్ఠంగా 15, పీజీకి 25, పీహెచ్‌డీకి 30, నెట్‌తో జేఆర్‌ఎఫ్ ఉంటే 7, పరిశోధనా వ్యాసాలకు 10, బోధనానుభవానికి 10, పురస్కారాలకు 3. మన బిడ్డలు ఈ మార్కుల కోసం పదేళ్లు చెమటోడుస్తారు. అయితే అదే నిబంధనలలో ఇంకొక వాక్యం ఉంది. ఈ మార్కులు ఇంటర్వ్యూకు పిలవడానికి మాత్రమే పనికివస్తాయి, ఎంపిక పూర్తిగా ఇంటర్వ్యూలో కనబరచిన సామర్థ్యాన్ని బట్టే జరుగుతుంది అని.

దీని అర్థం గ్రహించాలి. పదేళ్ల శ్రమ తలుపు దాకా తీసుకువెళ్తుంది. లోపల జరిగే పావుగంటో, ఇరవై నిమిషాలో తుది తీర్పు చెబుతుంది. ఆ పావుగంటలో వివక్షకు చోటున్నది నిజం. అందుకే అక్కడ మన సిద్ధత ఇతరులకంటే ఎక్కువగా ఉండాలి. ఇది న్యాయమా అంటే కాదు. కాని అన్యాయాన్ని ఎదిరించేవాడు చేతిలో కాగితాలు సరిగ్గా పెట్టుకొని ఎదిరించాలి.

యూసుఫ్ ప్రవక్త బాట

మన ఇళ్లలో వినయం గొప్ప గుణం. తన గురించి తాను చెప్పుకోవడం గర్వమని పెద్దలు నేర్పారు. పదవిని కోరి అడగవద్దన్న హదీసును కూడా కొందరు గుర్తు చేస్తారు. ఆ హదీసు సత్యం. బాధ్యత మోయలేని చోట అధికారం కోసం ఆశపడటాన్ని అది వారిస్తుంది. కాని అర్హత గలవాడు అవసరమైన చోట తన అర్హతను తెలియజేయడాన్ని మన ధర్మం తప్పు పట్టలేదు. దివ్యఖుర్ఆన్‌లోని సూరె యూసుఫ్ ఇందుకు సాక్ష్యం.

యూసుఫ్ (అలైహిస్సలాం) పరాయి దేశంలో, చేయని నేరానికి, చెరసాలలో ఉన్నారు. రాజు కలకు అర్థం చెప్పిన తర్వాత రాజు ఆయనను పిలిపించాడు. ఆయన వెంటనే పరుగెత్తలేదు. తనపై వచ్చిన నింద సంగతి ముందు విచారించమని దూతను తిప్పి పంపారు. నిర్దోషిత్వం రుజువైన తర్వాతే రాజు ముందు నిలిచారు. అప్పుడు దేశపు ధాన్యాగారాల బాధ్యతను తనకు అప్పగించమని కోరి, అందుకు తన రెండు అర్హతలు చెప్పారు. కాపాడగల నమ్మకస్తుడనని ఒకటి, ఆ పని తెలిసినవాడనని రెండవది. ప్రవక్తల వంశంలో పుట్టినవారైనా ఆ సందర్భంలో వంశం పేరు ఎత్తలేదు. పడిన కష్టాలు ఏకరువు పెట్టలేదు. అలాగని తన విశ్వాసాన్ని దాచినవారూ కారు. చెరసాలలో తోటి ఖైదీలకు తాను ఎవరి మార్గాన నడుస్తున్నదీ స్పష్టంగా చెప్పినవారే.

మన పరిశోధకులకు ఇంతకుమించిన పాఠం అక్కరలేదు. అన్యాయాన్ని ప్రశ్నించాలి. ఉనికిని దాచరాదు. జాలి కోరరాదు. చేయగల పనిని సూటిగా చెప్పాలి. ఈ నాలుగూ కలిస్తేనే పద్ధతి.

కాగితం మీద మన రూపం

ఇక ఆచరణ సంగతి. ఇంటర్వ్యూకు ముందు మనలను చూసేది మన కాగితం. అందులో మొదటి చిక్కు పేరు. పదవ తరగతి సర్టిఫికెట్‌లో 'షేక్ మహబూబ్ బాషా', డిగ్రీలో 'ఎస్. మహబూబ్ బాషా', పరిశోధనా వ్యాసంలో 'మహబూబ్ బాషా ఎస్.కె.'. ఆంగ్లంలో రాసేటప్పుడు 'షేక్'కు మూడు రకాల వర్ణక్రమాలు. చూసేవారికి వీరు ముగ్గురో ఒక్కరో తెలియదు. ఇంటి పేరులా వాడే 'షేక్' మన ప్రాంతంలో వేలమందికి ఉమ్మడి. పరిశోధన మొదలుపెట్టిన నాడే ఒక్క రూపం నిశ్చయించుకొని, ప్రతి వ్యాసంలో అదే వాడాలి. పరిశోధకులకు ఉచితంగా లభించే ఓఆర్‌సీఐడీ అనే పదహారు అంకెల గుర్తింపు సంఖ్య తీసుకుంటే ఒకే పేరున్నవారి వ్యాసాలు కలగాపులగం కావు. సర్టిఫికెట్లలో తేడా ఉంటే ఇద్దరూ ఒక్కరేనని తెలిపే అఫిడవిట్ ముందుగానే సిద్ధం చేసుకోవాలి.

రెండవది చిరునామా. దరఖాస్తును ఇంటర్నెట్ సెంటర్‌లో నింపించుకొని, ఆ సెంటర్ వారి ఈమెయిలే ఇచ్చి వచ్చేవారిని మేము చూశాం. పిలుపు వచ్చిన సంగతి గడువు దాటాక తెలిసిన బిడ్డ బాధను కూడా చూశాం. డాక్టరేటు చేసిన వ్యక్తి తన దరఖాస్తును తానే నింపాలి. తన పేరుతో ఉన్న ఈమెయిల్ ఇవ్వాలి. దానిని రోజూ చూసుకోవాలి.

మూడవది సీవీ. మనవారు చాలామంది పెళ్లి సంబంధానికి పంపే బయోడేటా వంటిదే ఉద్యోగానికీ పంపుతున్నారు. తండ్రి వృత్తి, తోబుట్టువులు, ఎత్తు, అభిరుచులు అందులో ఉంటాయి. పరిశోధనాంశం మాత్రం ఒక్క పంక్తిలో చివర ఎక్కడో ఉంటుంది. ఇది తలక్రిందులు కావాలి. ఏ ప్రశ్నకు జవాబు వెతికారు, ఏం కనుగొన్నారు, ఎక్కడ ప్రచురించారు, ఏయే పాఠాలు బోధించారు, ఇకపై ఏం చేయదలచారు అన్నవి ముందుండాలి. రెండు రోజుల్లో డబ్బు పుచ్చుకొని అచ్చువేసే పత్రికల్లో పది వ్యాసాలకంటే, నిపుణులు పరిశీలించి వేసుకున్న రెండు వ్యాసాలు గౌరవం తెస్తాయి. లేనిది ఉన్నట్లు రాయడం సరేసరి, అది హరామ్.

నాలుగవది అనుభవ పత్రం. ప్రైవేటు కళాశాలల్లో నియామక పత్రం లేకుండా, జీతం చేతికి తీసుకొని ఏళ్లు గడిపినవారికి ఆ ఏళ్లు లెక్కలోకి రావడం లేదు. పై పట్టికలో ఏడాది బోధనకు రెండు మార్కులు. ఏడాది నిండకపోతే ఆ మేరకు తగ్గించి ఇస్తారు. చేరిన రోజే నియామక పత్రం అడగాలి. జీతం బ్యాంకు ద్వారా ఇవ్వమనాలి. వదిలి వచ్చే రోజున తేదీలతో అనుభవ పత్రం తీసుకోవాలి. అడగడానికి మొహమాటపడితే ఆ మొహమాటం ఖరీదు తర్వాత తెలుస్తుంది.

నోటి మాటలో మన రూపం

మన బిడ్డలు ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతారు, బడిలో తెలుగులో చదువుతారు, ఇంటర్వ్యూలో ఆంగ్లంలో జవాబు చెబుతారు. దూదేకుల ఇళ్లలో తెలుగే ఇంటి భాష. మూడు భాషల నడుమ నలిగి, దేనిలోనూ గొంతు పెగలడం లేదని వారు బాధపడతారు. ఇది లోపమని ఎందుకు అనుకోవాలి? గండికోట చరిత్రపై పనిచేసే విద్యార్థికి ఉర్దూ లిపి చదవడం వస్తే, ఇతరులు అనువాదంలో మాత్రమే చూసే కాగితాలను అతడు నేరుగా చూడగలడు. మగ్గాల బజారులో పెరిగిన ఆర్థికశాస్త్ర విద్యార్థినికి చేనేత అప్పుల లెక్క పుస్తకం చెప్పకముందే తెలుసు. తాను ఎక్కడినుండి వచ్చిందీ జాలి కథగా కాక, తన పరిశోధనకు బలంగా చెప్పడం అభ్యసించాలి.

ఆ పావుగంటలో సాధారణంగా అడిగేవి కొన్నే. మీ పరిశోధన ఏమిటో రెండు నిమిషాల్లో చెప్పండి. దాని ప్రయోజనం ఏమిటి? మొదటి సంవత్సరం విద్యార్థులకు ఈ పాఠం ఎలా చెబుతారు? మా శాఖకు మీరు ఏం చేయగలరు? ఈ నాలుగింటికీ జవాబులు ముందుగా రాసుకొని, పైకి చదివి, గడియారం పెట్టుకొని, ఇతరుల ముందు పదిసార్లు చెప్పి చూడాలి. తెలియని ప్రశ్న వస్తే తెలియదని, ఎలా తెలుసుకుంటారో చెప్పడం మర్యాద. ఆ శాఖలో ఎవరున్నారు, ఏయే కోర్సులున్నాయి అన్నది చూడకుండా వెళ్లడం వారిని అగౌరవపరచడమే.

వేషం గురించి మమ్మల్ని తరచుగా అడుగుతారు. గడ్డం తీసివేయాలా? హిజాబ్ తీసి వెళ్లాలా? పేరు కుదించుకోవాలా? మా అభిప్రాయం స్పష్టం. అక్కరలేదు. ఉతికి ఇస్త్రీ చేసిన బట్టలు, సమయానికి ముందే హాజరు, వరుసలో పెట్టిన పత్రాలు, ప్రశాంతమైన ముఖం చాలు. ఉద్యోగం కోసం దాచిన ఉనికిని ఉద్యోగం ఉన్నన్నాళ్లూ దాచవలసి వస్తుంది. మన ఆడబిడ్డలను, పెళ్లయ్యాక పని మానేస్తారా, ఈ దుస్తుల్లో పాఠం ఎలా చెబుతారు అని అడిగితే కంటతడి పెట్టవద్దు, కోపగించవద్దు. "ఇన్నేళ్లుగా ఇలాగే పాఠం చెబుతున్నానండి, ఇప్పుడు నా బోధనా పద్ధతి వివరిస్తాను" అని సంభాషణను పనిమీదికి తిప్పాలి. బయటకు వచ్చాక ఆ ప్రశ్నను, తేదీని కాగితంపై రాసి ఉంచుకోవాలి. అది రేపు అవసరపడవచ్చు.

హక్కు తెలిసి వెళ్లాలి

రాజ్యాంగంలోని 16వ అధికరణం ప్రభుత్వోద్యోగాలలో మతాన్ని బట్టి వివక్ష చూపరాదని ఆదేశిస్తున్నది. యూజీసీ 2018 నిబంధనలలో మనవారిలో చాలామందికి తెలియని అంశం ఒకటుంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ, మైనారిటీ, మహిళ, దివ్యాంగ వర్గాల అభ్యర్థి ఉన్నప్పుడు, ఎంపిక సంఘంలో ఆ వర్గానికి చెందినవారు ఎవరూ లేకపోతే, ఆ వర్గం నుండి ఒక విద్యావేత్తను వైస్ ఛాన్సలర్ నియమించాలి. ఇది దయ కాదు, నిబంధన. ఫలితాల తర్వాత సందేహముంటే తమ మార్కులు, సంఘం కూర్పు, రోస్టరు వివరాలను 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద అడగవచ్చు.

రిజర్వేషన్ విషయంలో కూడా పొరపాట్లు జరుగుతున్నాయి. 2007 చట్టం ద్వారా వచ్చిన నాలుగు శాతం బీసీ-ఇ కోటా సుప్రీంకోర్టు 2010 మధ్యంతర ఉత్తర్వుల బలంతో సాగుతున్నది. దూదేకుల, నూర్‌బాషా వారు బీసీ-బిలో ఉన్నారు. సయ్యద్, పఠాన్, మొఘల్ వర్గాలు బీసీ-ఇ పరిధిలో లేవు. ఇది రాష్ట్ర జాబితా. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేసేటప్పుడు చూడవలసింది కేంద్ర ఓబీసీ జాబితా. అందులో తమ వర్గం లేనివారు, కుటుంబ ఆదాయం ఏడాదికి ఎనిమిది లక్షల లోపు ఉండి తక్కిన షరతులు సరిపోతే, 2019లో వచ్చిన ఈడబ్ల్యూఎస్ పది శాతం క్రింద దరఖాస్తు చేసుకోవచ్చు. చివరి రోజున తహసీల్దారు కార్యాలయం చుట్టూ తిరగడం కాక, ప్రకటన రాకముందే సర్టిఫికెట్ చేతిలో ఉండాలి.

సమాజం చేయవలసింది

ఇంతవరకు బిడ్డలకు చెప్పాం. ఇప్పుడు పెద్దలకు. మనం ఒక వలీమా విందుకు ఖర్చు చేసే సొమ్ముతో ఎంతమంది పరిశోధకులు హైదరాబాదు, ఢిల్లీ వెళ్లి ఇంటర్వ్యూలకు హాజరు కాగలరో ఒకసారి లెక్కవేయండి. దారి ఖర్చుకు డబ్బు లేక పిలుపు వదులుకున్నవారు మన వీధుల్లో ఉన్నారు. రాత్రంతా బస్సులో కూర్చొని, ఉదయం బస్టాండులో ముఖం కడుక్కొని, అదే చొక్కాతో ఎంపిక సంఘం ముందు నిలిచినవారూ ఉన్నారు. విశ్వవిద్యాలయం ఉన్న ఊళ్లో ఒక్క రాత్రి బస దొరికితే వారి జవాబుల్లో తేడా వచ్చేది.

మేము కోరేది పెద్ద సంస్థ కాదు. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందులలో ఒక్కొక్క గది. నెలకు ఒక ఆదివారం. ఊళ్లో రిటైరైన అధ్యాపకులు, మతం ఏదైనా సరే, ముగ్గురు బల్లకు అటువైపు కూర్చోవాలి. మన బిడ్డ ఇటువైపు కూర్చోవాలి. పావుగంట నిజమైన ఇంటర్వ్యూలా సాగాలి. తర్వాత ఎక్కడ తడబడ్డారో నిర్మొహమాటంగా చెప్పాలి. సీవీలను ఒకరివి ఒకరు దిద్దాలి. ఉద్యోగ ప్రకటనల గడువులను గోడపై అంటించాలి. జకాత్‌కు అర్హులైనవారికి అందులోనుండి, కానివారికి విరాళాలతో ఏర్పడిన నిధినుండి దారి ఖర్చు ఇవ్వాలి. ఆడబిడ్డలకు ప్రత్యేక సమయం, ప్రయాణంలో తోడు ఏర్పాటు చేయాలి. ఇప్పటికే ఉద్యోగం సంపాదించినవారు తమ ఊరి పిల్లలు పంపిన దరఖాస్తును చదివి జవాబు రాయడాన్ని తమ చదువుపై సమాజానికున్న బాకీగా భావించాలి.

1947లో డాక్టర్ అబ్దుల్ హఖ్ గారు కర్నూలులో ఉస్మానియా కళాశాల స్థాపించినప్పుడు, చదువుకునే చోటు లేదన్నది సీమ ముస్లింల సమస్య. ఆయన చోటు కల్పించారు. ఇప్పటి సమస్య వేరు. చదివినవారు ఉన్నారు. వారు బోధించే పీఠాల దాకా చేరడం లేదు. ప్రతి విభాగంలో మన అధ్యాపకుడు ఒకరు ఉండటం ఆ ఒక్క కుటుంబానికి జీతం రావడం మాత్రమే కాదు. వెనుక బెంచీలో కూర్చున్న అమ్మాయికి, ఆ బల్ల దగ్గర తాను కూడా నిలబడవచ్చన్న నమ్మకం కలగడం. రేపు అదే విభాగంలో ఎంపిక సంఘం కూర్చున్నప్పుడు మన పక్షాన న్యాయం అడిగే గొంతు ఒకటి ఉండటం.

వివక్షపై పోరాటం ఆగరాదు. దానిని ఈ పత్రిక ఆపదు. కాని పోరాటం ముగిసేదాకా మన బిడ్డలు సిద్ధం కాకుండా కూర్చుంటే, తలుపు తెరుచుకున్న రోజున లోపలికి వెళ్లేవారు ఉండరు. వచ్చే నెల మొదటి జుమా నాడు మీ మసీదు కమిటీ ముందు ఈ ఒక్క ప్రశ్న పెట్టండి. మన ఊళ్లో పీహెచ్‌డీ చేసినవారు ఎంతమంది? వారిప్పుడు ఎక్కడున్నారు? ఆ జాబితా రాయడంతో పని మొదలవుతుంది, ఇన్షా అల్లాహ్.